పద్నాలుగో పేజీలోని డ్రైవరు

మా ఊళ్లో నెలకొక ఆదివారం సాయంత్రం పదిమందిమి ఒకచోట చేరి, అందరమూ ముందే చదివి వచ్చిన ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాము. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి కాస్త ఎడంగా, న్యాయవాది మిత్రులొకరి ఇంటి మేడమీది గది మా చోటు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెలుగు కథల గ్రంథాలయమైన కథానిలయం నెలకొల్పిన ఊళ్లో కూర్చుని థ్రిల్లర్లు చదవడమేమిటని మొదట్లో కొందరు ముఖం చిట్లించారు గాని, ఏడాదికి రెండు మూడు నెలలైనా అలాంటి పుస్తకాలకు ఇవ్వాలని మా గుంపులోని పిల్లలు పట్టుబట్టి నెగ్గించుకున్నారు. ఈ నెల వచ్చిన వంతు అదే. ఒక మంత్రిని ఎత్తుకుపోవడం చుట్టూ తిరిగే మూడు వందల పేజీల రాజకీయ నవల చదివాము.

నవల పేరు ఇక్కడ రాయడం లేదు. ముగింపుతో సహా మలుపులన్నీ చెప్పక తప్పదు కనుక, ఇంకా చదవనివారి ముచ్చట పాడుచేయడం నాకు ఇష్టం లేదు. కథ స్థూలంగా ఇది. ఊరూ పేరూ లేని ఒక రాష్ట్రంలో, ఎన్నికలు ఆరు వారాలలో ఉన్నాయనగా, హోం మంత్రి కారును ఘాట్ రోడ్డు మీద సాయుధులు అడ్డగిస్తారు. జైల్లో ఉన్న తమవాళ్లు నలుగురిని 72 గంటలలో వదిలిపెట్టాలని షరతు పెడతారు. మంత్రి తిరిగిరాకపోతే సానుభూతి ఓట్లు దండిగా రాలుతాయి కనుక ముఖ్యమంత్రికి ఆయన తిరిగిరావడం ఇష్టం ఉండదు. ఆ సంగతి పసిగట్టిన ఒక పోలీసు అధికారిణి ఇటు సచివాలయంతోనూ అటు అడవితోనూ పెనుగులాడి, చివరి గంటలో మంత్రిని ప్రాణాలతో తీసుకువస్తుంది. ఆఖరి పది పేజీలలో అసలు గుట్టు బయటపడుతుంది. అపహరణ పథకం వేసినవాడు మరెవరో కాదు, ఆ మంత్రే. అధికారిణి ఆ నిజాన్ని మనసులోనే దాచుకోగా, ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయడంతో నవల ముగుస్తుంది.

మొదట మాట్లాడినది ఎచ్చెర్లలో పీజీ చదువుతున్న అమ్మాయి. రాత్రి పది గంటలకు మొదలుపెట్టి, అరసవల్లి వెళ్లే తొలి ఆటోల చప్పుడు వినబడేవేళకు ముగించానని చెప్పింది. ప్రతి అధ్యాయం పైనా ‘ఇంకా 61 గంటలు’, ‘ఇంకా 44 గంటలు’ అని వేసిన తీరు ఆమెకు బాగా నచ్చింది. అధికారిణి ఒక చెవికి అపహర్తల ఫోను పెట్టుకుని ఉండగా, రెండో ఫోనులో వాళ్లమ్మ ‘కుక్కరు గాస్కెట్టు ఎక్కడ పెట్టేవే’ అని అడిగే ఘట్టాన్ని ఆమె పైకి చదివి వినిపించినప్పుడు గదంతా నవ్వింది. అవతలివాడు ఆ మాట విని ఒక్క క్షణం ఆగిపోతాడు. అడవిలో ఉన్నవాడికీ ఒక తల్లీ, ఒక వంటిల్లూ ఉన్నాయని ఆ ఒక్క విరామంలో తెలుస్తుంది. నవలలో రచయిత మనిషిని నిజంగా చూసిన పేజీ అదేనని నేను ఒప్పుకుంటాను. తక్కిన చోట్ల ఆయన గడియారాన్ని చూశారు.

గడియారం గురించే నా మొదటి పేచీ. మన చుట్టుపక్కల కొండలలో ఇలాంటివి నిజంగానే జరిగాయి, నాకు బాగా గుర్తున్నవి మూడూ 72 గంటలలో తేలలేదు. 2011 ఫిబ్రవరి 16న ఒడిశాలోని మల్కనగిరి కలెక్టరు వినీల్ కృష్ణను మావోయిస్టులు పట్టుకుంటే 24వ తేదీకి గాని ఆయన బయటికి రాలేదు. ఆ మరుసటి ఏడాది మార్చి 24న, మన సాలూరు ఘాటీ ఎక్కి దిగితే వచ్చే కోరాపుట్ జిల్లాలో లక్ష్మీపూర్ శాసనసభ్యుడు ఝినా హికాకాను తీసుకుపోతే, విడిచిపెట్టేసరికి ఏప్రిల్ 26 అయింది. అంటే 33 రోజులు. ఆయన ఇంకా చెరలో ఉండగానే, ఏప్రిల్ 21న ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా కలెక్టరు అలెక్స్ పాల్ మేనన్‌ను పట్టుకున్నారు. ఆయనకు ఉబ్బసం. మందులు అందించడానికి స్థానిక ఆదివాసీ నాయకుడు మనీశ్ కుంజాం అడవిలోకి వెళ్లవలసి వచ్చింది. మధ్యవర్తులుగా ఎవరుండాలన్న దగ్గరే రోజులు గడిచాయి. మల్కనగిరిలోనూ సుక్మాలోనూ మధ్యవర్తులలో ఒకరు మన పౌర హక్కుల నాయకులు హరగోపాల్ గారు. పత్రికలలో ఆ రోజుల వార్తలు చదివినవారికి గుర్తుండేది తుపాకులు కావు, ఎదురుచూపు. ఉబ్బసం మందు అడవిలోకి చేరిందా లేదా అని ఒక రాష్ట్రం రాష్ట్రమంతా ఆరా తీయడం కన్నా ఉత్కంఠ ఏముంటుందో నాకు తెలియదు.

ఈ మాట అంటే ఆ అమ్మాయి ఊరుకోలేదు. “ముప్పై మూడు రోజుల ఎదురుచూపు ఎవరు చదువుతారండీ? పత్రికలో అయితే రోజుకొక ముక్క చదువుతాం. పుస్తకంలో మీరే మధ్యలో మూసేస్తారు” అంది. నిజమే, మూసేస్తానేమో. ఊపిరి బిగబట్టించడం కూడా ఒక పనితనమే, దానిని చిన్నచూపు చూడకూడదని ఆమె అన్నదాంట్లో నాకు అభ్యంతరం లేదు. అయితే వేగంగా పోయే బండిలోంచి రోడ్డు పక్క మనుషులు కనబడరన్న సంగతి అప్పటికి మా ఎవరికీ తోచలేదు. అది తోచినదల్లా ఆ గదిలో అందరికన్నా వేగంగా బండి తోలినాయనకే. ఆ సంగతికి తరువాత వస్తాను.

మాకు గది ఇచ్చిన న్యాయవాది గారి ఆక్షేపణ చట్టం వైపు నుంచి వచ్చింది. నవలలో ముఖ్యమంత్రి ఫోను ఎత్తి ‘నలుగురినీ వదిలేయండి’ అనగానే జైలు తలుపులు తెరుచుకుంటాయి. విచారణలో ఉన్న ఖైదీని మంత్రివర్గం అలా వదలలేదని, కేసు ఉపసంహరించుకోవాలంటే పబ్లిక్ ప్రాసిక్యూటరు న్యాయస్థానంలో దరఖాస్తు పెట్టాలని, దానికి న్యాయస్థానం సమ్మతించాలని ఆయన వివరించారు. పాత నేర విచారణ స్మృతిలో 321వ సెక్షను, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 360వ సెక్షను అదే చెబుతాయట. ప్రభుత్వం మెడలు వంచడానికి మనిషిని ఎత్తుకుపోవడాన్ని ప్రత్యేక నేరంగా శిక్షాస్మృతిలో చేర్చినదే 1993లోనట. ఇవన్నీ నవలలో పెడితే పుస్తకం పాఠ్యగ్రంథమైపోతుందని ఎవరో అన్నారు. అప్పుడు ఆయన చెప్పిన ఉదాహరణ మాత్రం, చట్టం తెలిస్తే కథకు నష్టం లేదు సరికదా మరింత బలం వస్తుందని నాకు నమ్మకం కలిగించింది.

కన్నడ నటుడు రాజ్‌కుమార్‌ను వీరప్పన్ 2000 జూలై 30న గాజనూరులోని ఆయన ఇంటి నుంచి ఎత్తుకుపోయాడు. 108 రోజులకు, నవంబరు 15న, ఆయన విడుదలయ్యాడు. ఈ మధ్యలో కర్ణాటక, తమిళనాడు ప్రభుత్వాలు రెండూ ఉగ్రవాద నిరోధక చట్టమైన టాడా కింద ఉన్న ఖైదీలను వదిలిపెట్టడానికి సిద్ధపడ్డాయి. అడ్డుపడినది ప్రతిపక్షం కాదు, పోలీసు శాఖా కాదు. వీరప్పన్ ముఠా చేతిలో 1992లో చనిపోయిన ఎస్సై షకీల్ అహ్మద్ తండ్రి, అబ్దుల్ కరీం అనే పెద్దాయన. నా కొడుకును చంపిన కేసులో ఉన్నవాళ్లను ఎలా వదులుతారని ఆయన సుప్రీం కోర్టు మెట్లెక్కితే, నవంబరు మొదటి వారంలో న్యాయస్థానం ఆ ఉపసంహరణలను కొట్టివేసింది. ఒకవైపు కోట్లమంది అభిమానించే నటుని ప్రాణం, రెండోవైపు ఒక చనిపోయిన ఎస్సై తండ్రి. ఇద్దరి పక్షానా న్యాయం ఉంది. మా నవలా రచయితకు ఇంతటి ఘర్షణ చేతికందేంత దూరంలో ఉండి కూడా, ఆయన ఒక ఫోను కాలుతో సరిపెట్టేశారు.

సీతంపేట వైపు ఆశ్రమ పాఠశాలలో పనిచేసే ఉపాధ్యాయిని తన మాట రెండు ముక్కలలో ముగించారు. నవలలోని కొండ జనానికి పేర్లు లేవు, వాళ్లు అంబలి తెచ్చి పెట్టి చీకటిలోకి వెళ్లిపోతారు, మాట్లాడితే వచ్చీరాని తెలుగు మాట్లాడతారు. “వాళ్లకు తెలుగు రాకపోవడం కాదండీ, రచయితకు సవర రాకపోవడం” అన్నారావిడ. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకుని, ఆ భాషకు నిఘంటువూ వ్యాకరణమూ కట్టిన సీమలో ఉంటున్నాము గనుక ఆ మాట మాకు బాగానే గుచ్చుకుంది. గుర్తేడు సంగతి ఎత్తినదీ ఆవిడే. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి మన్యంలో ఎస్.ఆర్. శంకరన్ సహా పలువురు ఐఏఎస్ అధికారులను పీపుల్స్ వార్ నక్సలైటు దళం పట్టుకుపోయింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం జైల్లో ఉన్న కొందరిని విడిచిపెట్టాక వారు బయటపడ్డారు. అలా బందీగా ఉండి వచ్చిన శంకరన్ గారే ఆ తరువాత పదేళ్లకు పౌర స్పందన వేదికకు నాయకత్వం వహించి, ప్రభుత్వానికీ నక్సలైట్లకూ నడుమ 2004లో జరిగిన శాంతి చర్చలకు దారి వేశారు. చెర నుంచి వచ్చిన మనిషి ప్రతీకారమో పదవో కాక మరొకటి కోరుకోగలడన్న ఊహ ఈ నవలలో ఎక్కడా లేదని ఆవిడ ఫిర్యాదు.

ఇక అసలు సంగతి. మా గుంపులో ఆర్టీసీలో డ్రైవరుగా చేసి పదవీ విరమణ పొందిన పెద్దాయన ఒకరున్నారు. సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ వెళ్లే ఘాటీలో ఏళ్ల తరబడి బస్సు తోలిన మనిషి. పుస్తకాన్ని పాత దినపత్రికతో అట్ట వేసి, కళ్లజోడు కూటిలో పెన్సిలు ముక్క పెట్టుకుని వస్తారు. సాధారణంగా ఆయన ఎక్కువ మాట్లాడరు. ఆ రోజు అందరమూ మాట్లాడి టీ గ్లాసులు కింద పెట్టాక, పద్నాలుగో పేజీ తీసి అడిగారు.

“మరి ఈ డ్రైవరేటయిపోనాడండీ?”

ఏ డ్రైవరు అన్నాను నేను. అలా అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మంత్రి కారు డ్రైవరు. సాయుధులు కారు ఆపగానే మొదట కాల్చేది అతనినే. అతను స్టీరింగు మీద వాలిపోతాడు, మంత్రిని దించుకున్నాక కారును లోయలోకి తోసేస్తారు. తరువాతి వాక్యంలో మంత్రి కళ్లకు గంతలు కడతారు. అంతే. ఆ తరువాత 286 పేజీలలో ఆ డ్రైవరు ప్రస్తావన లేదు. శవం పైకి తీశారా, ఇంటికి చేర్చారా, అతనికి భార్య ఉందా, పిల్లలున్నారా అన్నది లేదు. పేరు కూడా లేదు. కారుకు మాత్రం ఉంది, కంపెనీ పేరూ రంగూ గ్లాసుల మందమూ సహా. పెద్దాయన పుస్తకం అంచున పెన్సిలుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వేసి ఉంచారు. డ్రైవరు గురించి ఉన్న వాక్యాలు నాలుగు. కింద కారు గురించిన వాక్యాలు లెక్కపెట్టి 11 అని వేశారు.

“బండి నూట్రల్లో పెట్టి దిగుతున్నాడని రాసినాడు. ఘాటీలో ఏ డ్రైవరూ అలాగ దిగడండి. ఏ గేరుతో ఎక్కుతామో ఆ గేరుతోనే దిగాలి, కొత్తగా బండెక్కినోడికి కూడా మొదట చెప్పేది అదే. పద్దెనిమిదేళ్లుగా ఆ మంత్రి బండే తోలతన్నాడని ఇక్కడే రాసినాడు. పద్దెనిమిదేళ్లు తోలినోడికి అది తెలీదా?” అన్నారు. పైగా మాటు వేసేవాడు దిగే బండి కోసం కాదు, ఎక్కే బండి కోసం వేస్తాడట. ఎక్కేటప్పుడు మలుపు దగ్గర బండి ఎలాగూ నడక వేగానికి వస్తుంది కనుక ఆపనవసరమే ఉండదట. ఈ రచయిత ఎప్పుడూ వెనక సీట్లో కూర్చుని ఘాటీ ఎక్కిన మనిషి అయి ఉంటాడని ఆయన తీర్పు.

అందరమూ నవ్వాము. ఆయన నవ్వలేదు. పుస్తకం మూసి, “మరైతే చివర్న ఏటి తేలింది? ఈ నాటకం ఆడించినోడు మంత్రేనని గదా? అంటే ఈ డ్రైవర్ని చంపించినోడూ ఆ మంత్రే గదండీ” అన్నారు.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆఖరి పది పేజీల మలుపును పొగిడినవాళ్లమూ తెగిడినవాళ్లమూ అందరమూ అక్కడే ఉన్నాము. రాజకీయ మోసం, ఓట్ల లెక్క, అధికారిణి మౌనం, అన్నీ తర్కించాము. పద్దెనిమిదేళ్లు తనను ఇంటి నుంచి ఆఫీసుకూ ఆఫీసు నుంచి ఇంటికీ దింపిన మనిషిని మంత్రి లెక్కవేసి చంపించాడన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. మాకేమిటి, నవలలో నిజాన్ని కనిపెట్టిన ఆ తెలివైన అధికారిణికీ తట్టలేదు. ఆమె మంత్రిని అడిగే పదునైన ప్రశ్నలలో డ్రైవరు ఊసు లేదు. నా అనుమానం, రచయితకే తట్టలేదు. మొదట డ్రైవరును చంపడం ఆ తరహా కథలలో వాడుక, ఆయన ఆ వాడుక ప్రకారం చంపారు. మూడు వందల పేజీల తరువాత ఆ చావుకు కొత్త అర్థం వచ్చిందని గమనించకుండానే పుస్తకం ముగించారు. గమనించి ఉంటే ఆ ప్రమాణ స్వీకారం దృశ్యం ఎంత భయంకరంగా ఉండేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కొత్త ముఖ్యమంత్రి కారు ఎక్కుతాడు. తలుపు తీసి పట్టుకున్నవాడు కొత్త డ్రైవరు.

నేను ఉప ఖజానా కార్యాలయంలో 31 ఏళ్లు పనిచేసి వచ్చాను. విధి నిర్వహణలో పోయినవారి కాగితాలు ఎన్నో నా బల్ల మీదుగా వెళ్లాయి. ఎఫ్ఐఆర్ నకలు, పంచనామా, పోస్టుమార్టం నివేదిక, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, కారుణ్య నియామకానికి పెద్ద కొడుకు వయసు చాలుతుందా లేదా అన్న లెక్క. శవం దొరికితే ఇది ఇంత. దొరకకపోతే మనిషి కనబడకుండా పోయినట్టే గాని చనిపోయినట్టు కాదు. ఏడేళ్లపాటు ఎవరికీ ఆచూకీ తెలియకపోతే గాని మరణించినట్టు చట్టం భావించదు. లోయలోకి తోసేసిన ఆ కారు గురించి పెద్దాయన అడిగినప్పుడు నాకు మొదట తోచినది ఇదే. మా కార్యాలయానికి వచ్చే ఆడవాళ్లు గుమ్మం దగ్గరే చెప్పులు విప్పేసి, ప్లాస్టిక్ సంచిలో మడతలు పడిన కాగితాలు రెండు చేతులా పట్టుకుని నిలబడేవారు. బల్ల మీద కాగితాలు పెట్టే ముందు చీర కొంగుతో బల్ల తుడిచినావిడ ఒకరు నాకు గుర్తున్నారు. ఆ నవలలో డ్రైవరు భార్య ఉండి ఉంటే, తన భర్తను చంపించినవాడి సంతకంతోనే ఆవిడకు ఎక్స్‌గ్రేషియా ఉత్తర్వు వచ్చేది. ఇది నేను కల్పించిన మలుపు కాదు, ఆయన కథలోనే ఉన్నది, ఆయన రాయనిది.

నిజ జీవితమూ ఈ విషయంలో నవల కన్నా గొప్పగా ఏమీ లేదని ఇంటికి వచ్చాక పాత వార్తలు తిరగేస్తే తెలిసింది. మల్కనగిరి అనగానే కలెక్టరు పేరు చెప్పాను గదా, ఆయనతోపాటే పట్టుబడిన జూనియర్ ఇంజనీరు పబిత్ర మాఝి పేరు నేను ఆ సాయంత్రం చెప్పలేదు. గుర్తు లేదు. సుక్మాలో కలెక్టరును తీసుకుపోయినప్పుడు ఆయన అంగరక్షకులు ఇద్దరు హతులయ్యారు. ఆ సంగతి ఎప్పుడో చదివాను, మరిచిపోయాను. ఉబ్బసం మందు మాత్రం గుర్తుంది.

రాజకీయ అపహరణ అనగానే లోకమంతా చెప్పుకునే ఆల్డో మోరో ఉదంతమూ అంతే. ఇటలీ మాజీ ప్రధాని మోరోను 1978 మార్చి 16న రోమ్ నగరంలోని వియా ఫానీ అనే వీధిలో రెడ్ బ్రిగేడ్స్ అనే తీవ్ర వామపక్ష సాయుధ ముఠా వారు ఎత్తుకుపోయారు. 55 రోజులకు, మే 9న, ఒక రెనో 4 కారు వెనక భాగంలో ఆయన శవం దొరికింది. ఆ 55 రోజులలో ఆయన రాసిన ఉత్తరాల గురించి పుస్తకాలే వచ్చాయి. తొలి రోజు ఆ వీధిలో కాల్పులకు చనిపోయిన రక్షక సిబ్బంది అయిదుగురు. ఒరెస్తె లెయొనార్ది, డొమెనికొ రిచ్చి, రఫాయెలె ఇయొజ్జీనొ, జూలియొ రివేరా, ఫ్రాంచెస్కొ జిజ్జి. వీరిలో రిచ్చి మోరో కారు తోలేవాడు. ఈ పేర్లు ఒక కాగితం మీద తెలుగులో రాసుకుని మరునాడు పెద్దాయన ఇంటికి తీసుకువెళ్లాను. ఆయన రిచ్చి పేరు రెండుసార్లు పైకి చదువుకుని, అది ఏ బండి అని అడిగారు. ఫియట్ 130 అని చెప్పాను. “ఫియట్టే” అని తల ఊపి కాగితాన్ని నవలలో పద్నాలుగో పేజీ దగ్గర పెట్టారు.

నవల బాగుందా లేదా అని చేతులెత్తించడం మా అలవాటు. ఆ రోజు బాగుందన్నవారు ఆరుగురు, లేదన్నవారు ముగ్గురు. ఎచ్చెర్ల అమ్మాయి చేయి ముందు పైకి లేచి, పెద్దాయన వైపు చూసి, సగంలో ఆగి, మళ్లీ పైకే లేచింది. నచ్చిన మాట నచ్చిందని చెప్పడమే మర్యాద గనుక ఆమె చేసినది సరైనదనే నా ఉద్దేశం. నేను లేదన్న ముగ్గురిలో ఉన్నాను, గాస్కెట్టు పేజీకి మాత్రం మనసులో దణ్ణం పెట్టుకుని.

పెద్దాయన ఏ వైపూ ఎత్తలేదు. మెట్లు దిగుతూ, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ చూసుకుంటూ, ఈ నవలకు రెండో భాగం వస్తుందా అని ఆ అమ్మాయిని అడిగారు. వస్తుందని వెనక అట్ట మీద వేశారండీ తాతగారూ అని ఆమె చెప్పింది.

“అయితే రానీ తల్లీ. డ్రైవరు పెళ్లామేటైనా అందులో వస్తాదేమో చూద్దుము” అన్నారు.